ఫార్మసీ విద్యార్థుల చేత నిజమైన రీసెర్చ్ చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బెంచ్_టీచర్ అడిగారు:

అందరికీ నమస్కారం. నేను ఫార్మాస్యూటిక్స్ చెబుతాను, నాలుగేళ్లయింది. ఈ మధ్య ఒక విషయం మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా ప్రాక్టికల్స్ ఎలా జరుగుతాయో మీలో చాలామందికి తెలిసిందే. మాన్యువల్‌లో ఏముంటే అదే చేస్తారు, జవాబు ముందే తెలుసు, తేడా వస్తే పక్క బ్యాచ్ రీడింగ్ చూసి దిద్దుకుంటారు. మొన్న పారాసిటమాల్ ద్రావణం ఎంత యూవీ కాంతిని పీల్చుకుంటుందో కొలిచే ప్రయోగంలో ఒకమ్మాయి గ్రాఫ్ తెచ్చి చూపించింది. ఐదు పాయింట్లూ గీత మీద అతికించినట్టు కూర్చున్నాయి. కానీ ద్రావణం పోసే చిన్న పారదర్శక గొట్టం, క్యూవెట్, ఎత్తి చూస్తే లోపల గోడకి చిన్న బుడగ, బయట కాంతి వెళ్లే వైపునే వేలిముద్ర. ఆ క్యూవెట్‌తో ఆ గ్రాఫ్ రాదు. కోప్పడలేదు, ఎందుకు మార్చావమ్మా అని మాత్రం అడిగాను. "నాలుగోది కిందికి వచ్చింది మేడమ్, తప్పు చేశాననుకుంటారని" అంది. ఆ రోజంతా ఆ మాటే గుర్తొచ్చింది. గీత తిన్నగా ఉంటేనే మార్కులు వేసి తనకి అలా నేర్పింది మేమే కదా.

అందుకని ఆరుగురినో ఎనిమిది మందినో తీసుకుని, క్లాసు ప్రాక్టికల్స్‌తో సంబంధం లేకుండా, నిజంగా జవాబు తెలియని పని ఒకటి చేయిద్దామనుకుంటున్నాను. కిందటేడాది ఒకసారి ప్రయత్నించి దెబ్బతిన్నాం. ఇద్దరు రెండో సంవత్సరం పిల్లల్ని మా రీసెర్చ్ స్కాలర్ల దగ్గర పెట్టాం. మూడు నెలలు బీకర్లు కడిగారు, బఫర్లు (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణాలు) కలిపారు, చిన్న సీసాలకి లేబుళ్లు అంటించారు. చివర్లో "మీరు చేసిన పని దేని గురించి?" అని అడిగితే ఇద్దరూ చెప్పలేకపోయారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మా దగ్గర ఉన్నవి: యూవీ మిషన్, మాత్ర ఎంత వేగంగా కరుగుతుందో చూసే ఆరు జాడీల డిసొల్యూషన్ పరికరం, మంచి బ్యాలెన్స్, ఒక ఇంక్యుబేటర్, ఒక పాత హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలో కలిసి ఉన్న పదార్థాల్ని విడదీసి కొలిచే మిషన్). ఎక్కడ మొదలుపెట్టాలి? హెచ్‌పీఎల్‌సీ మీద ఎప్పుడు చెయ్యి వేయనివ్వాలి? రీసెర్చ్ పేపర్ అంటూ వస్తే వాళ్ల పేరు పెట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

క్యూసీ_నుంచి_క్లాసుకి జవాబు:

మేడమ్, నేను తొమ్మిదేళ్లు క్వాలిటీ కంట్రోల్‌లో పని చేసి తర్వాత టీచింగ్‌కి వచ్చాను. మా ల్యాబ్‌కి కొత్తగా చేరినవాళ్లలో మంచి మార్కులవాళ్లు చాలామంది పిపెట్ పట్టుకోవడం దగ్గరే ఆగిపోయేవాళ్లు, కాబట్టి నా సలహా అక్కడి నుంచే మొదలవుతుంది.

మొదటి రెండు వారాలు ప్రాజెక్టు ఊసే ఎత్తకండి. ఒక్కొక్కరికీ ఒక మైక్రోపిపెట్ (కొద్ది ద్రవాన్ని కొలిచి వేసే పరికరం) ఇచ్చి, బ్యాలెన్స్ మీద చిన్న బీకర్ పెట్టి, నీళ్లు పదిసార్లు వేయించి పదిసార్లూ తూచమనండి. 1 మి.లీ. నీరు గది ఉష్ణోగ్రత దగ్గర 0.997 గ్రాముల దగ్గర తూగాలి. మొదటి పది రీడింగులు చూస్తే పిల్లలే ఆశ్చర్యపోతారు, ఒకటి 0.98, ఒకటి 1.01, ఒకటి ఇంకెక్కడో. పిపెట్ కొనకి తొడిగే టిప్‌ని ముందు నీళ్లతో రెండుసార్లు తడపలేదని, బొటనవేలు ఒక్కసారిగా వదిలేశారని, పిపెట్‌ని పక్కకి వంచి లాగారని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. సగటు ఎంత, రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ ఎంత అని వాళ్ల చేతే లెక్క కట్టించండి. పుస్తకంలో ఏళ్ల తరబడి చదివిన ఆక్యురసీ (అసలు విలువకి దగ్గరగా రావడం), ప్రెసిషన్ (ప్రతిసారీ ఒకేలా రావడం) తేడా ఆ ఒక్క మధ్యాహ్నంలో అర్థమవుతుంది, ఎందుకంటే ఆ అంకెలు వాళ్లవి.

తర్వాత ప్రశ్న. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, కానీ జవాబు మీకు కూడా ఖచ్చితంగా తెలియకూడదు. ఈ రెండో షరతు చాలా ముఖ్యం. మీకు తెలుసని పిల్లలు పసిగడితే మీ మొహం చూసి రీడింగ్ రాస్తారు.

నేను చేయించిన వాటిలో నాకు బాగా నచ్చింది సగం మాత్రల పని. చాలామంది మాత్రని మధ్యలో విరిచి సగం వేసుకుంటారు కదా, ఆ సగం నిజంగా సగమేనా? దీనికి బ్యాలెన్స్ ఒక్కటి చాలు. మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం యూరోపియన్ ఫార్మకోపియాలో దీనికి పద్ధతి ఉంది, 30 మాత్రలు విరిచి ప్రతిదాంట్లోంచీ ఒక ముక్క తీసుకుని విడివిడిగా తూచాలి, సగటు బరువులో 85 నుంచి 115 శాతం బయట ఒకటికి మించి ఉండకూడదు, 75 నుంచి 125 బయట ఒక్కటి కూడా ఉండకూడదు. అదే మాత్రని చేత్తో విరిస్తే ఎంత, కత్తితో కోస్తే ఎంత, గీత ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఎంత, ఇద్దరు వేర్వేరు మనుషులు విరిస్తే ఏమవుతుంది, ఇలా పిల్లలే ప్రశ్నలు పెంచుకుంటూ పోతారు. మా వాళ్లలో ఒకబ్బాయి విరిచినప్పుడు కాగితం మీద రాలిన పొడిని కూడా తూచి రాశాడు. నేను చెప్పలేదు. అది ఎవరికీ అందని మందు కదా సార్ అన్నాడు.

రెండోది, మీకు ఇంక్యుబేటర్ ఉంది కాబట్టి, ఆస్పిరిన్. తేమ తగిలితే అది విరిగి శాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. శాలిసిలిక్ ఆమ్లానికి ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ఊదా రంగు వస్తుంది, చెడని ఆస్పిరిన్‌కి రాదు, ఆ రంగుని మీ యూవీ-విజిబుల్ మీదే కొలవచ్చు. వేడి, తేమ ఒకే తీరుగా ఉంచే స్టెబిలిటీ ఛాంబర్ లేదని ఆగిపోవద్దు. వస్తువుల్ని పొడిగా ఉంచే మూత జాడీ, అంటే గాజు డెసికేటర్, అడుగున తేమ పీల్చే సిలికా తీసేసి, ఉప్పు ఇంకా కరగకుండా మిగిలి ఉండేంత చిక్కటి సోడియం క్లోరైడ్ ద్రావణం పోసి మూత బిగిస్తే లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. దాన్ని 40 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసే స్టెబిలిటీ పరీక్షల్లో, త్వరగా చెడేలా చేయడానికి వాడే యాక్సిలరేటెడ్ పరిస్థితికి బాగా దగ్గరవుతుంది. లోపల తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి తప్పకుండా పెట్టండి, లేకపోతే 75 ఉందని నమ్మడమే తప్ప తెలియదు. మూత ఉన్న సీసాలో కొన్ని, మూత తీసిన సీసాలో కొన్ని, స్ట్రిప్‌లో కొన్ని పెట్టి, వారానికోసారి తీసి కొలవండి.

హెచ్‌పీఎల్‌సీ గురించి నా మాట, పిపెట్ లెక్క సరిగ్గా వచ్చిన పిల్లల్నే దాని దగ్గరికి రానివ్వండి, అది కూడా పక్కన ఒకరు ఉన్నప్పుడే. అంతకన్నా పెద్ద నియమం అక్కర్లేదు.

మూడో_సంవత్సరం జవాబు:

మేడమ్, నేను విద్యార్థినే, మా వైపు నుంచి చెబుతాను.

మాకు ఆసక్తి లేదని చాలామంది సార్లు అంటారు. భయమండీ. ఏదైనా పగిలితే ఎవరు కట్టాలి, మిషన్ ఆగిపోతే అందరి ముందూ ఏమంటారు, అదే టెన్షన్. మా ల్యాబ్‌లో నేను మొదటిసారి ట్యూబుల్ని వేగంగా తిప్పే మిషన్, సెంట్రిఫ్యూజ్, పెట్టినప్పుడు ఎదురుగా అంతే బరువున్న ట్యూబ్ పెట్టాలని తెలుసు, అయినా చేతులు వణికి ఆరుసార్లు తూచాను. పక్కన ఉన్న అక్క ఏమీ అనకుండా నిలబడింది, పెట్టాక "ఇప్పుడు ఆన్ చెయ్" అంది. అంతే. ఆ రోజు నుంచి నాకు ల్యాబ్ అంటే ఇష్టం.

ఇంకో మాట. మొదటి రోజే మాకు ప్రశ్న ఏంటో ఒక్క వాక్యంలో చెప్పండి. బీకర్లు కడగడానికి మాకేం అభ్యంతరం లేదు, ఆ బీకర్ ఎందుకు అంత శుభ్రంగా ఉండాలో తెలిస్తే చాలు. మాకంటూ ఒక నోట్‌బుక్ ఇవ్వండి, రికార్డులా ఫెయిర్ చేసి చూపించేది కాదు, అప్పటికప్పుడు పెన్నుతో రాసేది.

అగార్_ప్లేట్ జవాబు:

పైన చెప్పినవన్నీ బాగున్నాయి. నేను మైక్రోబయాలజీ వైపు, నా బాధ ఒక్కటే, కంట్రోల్స్, అంటే పరీక్షించే పదార్థం లేకుండా పోల్చి చూసే ప్రయోగాలు.

విద్యార్థి ప్రాజెక్టు అనగానే అందరూ ఒక మొక్క ఆకు తెచ్చి, ఇథనాల్ లాంటి ద్రావకంతో సారం తీసి, బ్యాక్టీరియా ప్లేట్‌లో గుంట చేసి పోస్తారు, చుట్టూ తెల్లారేసరికి బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం కనిపిస్తుంది, యాంటీబ్యాక్టీరియల్ అని రాసేస్తారు. మా దగ్గర ముగ్గురు పిల్లలు అలాగే 14 మి.మీ. వలయం తెచ్చారు, మొహాలు వెలిగిపోతున్నాయి. ఇథనాల్ ఒక్కటే పోసిన గుంట ఏదమ్మా అని అడిగాను. పెట్టలేదన్నారు. మళ్లీ చేయించాను. ఉత్త ఇథనాల్ చుట్టూ 13 మి.మీ. వచ్చింది. ఆ ఒక్క మిల్లీమీటర్ ప్లేట్‌కీ ప్లేట్‌కీ మధ్య వచ్చే తేడాలోనే పోతుంది. ప్లేట్‌లో బ్యాక్టీరియా పెరిగే జెల్లీ, అగార్, మందం 4 మి.మీ. కన్నా పలచగా పోసినా వలయం పెద్దదవుతుంది, ఆ సంగతి కూడా అప్పుడే చూశారు.

వాళ్లు రెండు రోజులు డీలా పడ్డారు. నేను మాత్రం అదే వాళ్ల ప్రాజెక్టు అన్నాను. ఏ ద్రావకం ఎంత మోతాదులో తనంతట తానే వలయం ఇస్తుంది, ఎంత ఆరబెడితే పోతుంది, ఇది కొలవండి అని చెప్పాను. నాలుగు నెలలు చేశారు. చివర్లో వాళ్లిచ్చిన పట్టిక ఇప్పుడు మా ల్యాబ్‌లో ప్రతి స్కాలరూ వాడుతున్నారు.

సెల్ కల్చర్ ఉన్నవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు ఎంటీటీ అనే పదార్థం పసుపు రంగుని ఊదాగా మారుస్తాయి కదా, కొన్ని మొక్కల సారాలు కణాలే లేకపోయినా ఆ పని చేసేస్తాయి. కణాలు లేని గుంటలో సారం, ఎంటీటీ మాత్రమే పోసి చూడకపోతే చచ్చిన కణాల్ని బతికున్నాయని రాసుకుంటాం.

పిల్లలు చిన్నవాళ్లు, వీళ్లేం రీసెర్చ్ చేస్తారు అనేవాళ్లకి ఒకటి గుర్తు చేస్తాను. నల్లమందు నుంచి మార్ఫిన్‌ని విడదీసిన జర్మన్ యువకుడు ఫ్రెడ్రిక్ జెర్టుర్నర్ ఆ పని మొదలుపెట్టేటప్పటికి ఒక మందుల దుకాణంలో సహాయకుడు, వయసు ఇరవై దాటి ఎంతో కాలేదు. చేసిన పనిని 1817లో మళ్లీ వివరంగా ప్రచురించాకే లోకం పట్టించుకుంది. ఆయన తన మీద, స్నేహితుల మీద దాన్ని పరీక్షించుకున్నాడు, అది మాత్రం మన పిల్లలెవరూ చేయకూడదు, ఆ మాట మొదటి రోజే గట్టిగా చెప్పండి.

చివరి_ఏడాది_స్కాలర్ జవాబు:

నేను కొంచెం వేరేగా అనుకుంటున్నాను, తప్పుగా తీసుకోవద్దు.

విద్యార్థుల్ని ల్యాబ్‌లోకి తీసుకురావాలని అధ్యాపకులు అనుకుంటారు, వాళ్లకి నేర్పే పని మాత్రం మాలాంటి స్కాలర్ల మీద పడుతుంది. మా థీసిస్ గడువు ఎవరూ పొడిగించరు. ఒకసారి నా దగ్గర పెట్టిన విద్యార్థి సాయంత్రం హెచ్‌పీఎల్‌సీలో ఫాస్ఫేట్ బఫర్ లైన్‌లో ఉండగానే నేరుగా ఎసిటోనైట్రైల్ అనే ద్రావకానికి మార్చేశాడు. ముందు నీళ్లతో కడగాలని నేను చెప్పాననుకున్నాను, నిజానికి ఆ రోజు చెప్పలేదు. బఫర్‌లోని ఉప్పు లోపల గడ్డకట్టి పొద్దున్న వచ్చేసరికి ప్రెషర్ పైకి ఎక్కి పంపు ఆగిపోయి ఉంది. పదార్థాల్ని విడదీసే గొట్టం, అంటే కాలమ్, మార్చాల్సి వచ్చింది, నాలుగు వారాల పని వెనక్కి పోయింది. ఆ అబ్బాయి మళ్లీ ల్యాబ్‌కి రాలేదు. నాకు కాలమ్ కన్నా అదే ఎక్కువ బాధ.

కాబట్టి మేడమ్, ఎనిమిది మంది వద్దు. నలుగురితో మొదలుపెట్టండి, ఇద్దరిద్దరుగా. ఎవరు నేర్పుతారో, వారానికి ఎన్ని గంటలో ముందే రాసుకోండి, నేర్పేవాళ్ల పని భారంలో ఆ గంటల్ని లెక్కలోకి తీసుకోండి. మిషన్ ఆపే పద్ధతిని మిషన్ పక్కనే అంటించండి, మొదలుపెట్టే పద్ధతి కన్నా అది ముఖ్యం, ఎందుకంటే తప్పులన్నీ సాయంత్రం అలసిపోయి ఇంటికెళ్లే తొందరలో జరుగుతాయి. ఎవరూ ఒంటరిగా ఉండకూడదు, సెలవు రోజైనా సరే.

క్యూసీ_నుంచి_క్లాసుకి జవాబు:

ఇది ఒప్పుకుంటాను. నేను నేర్పే మనిషి సమయం గురించి అసలు రాయలేదు, రాయాల్సింది. నలుగురే సరైన లెక్క.

బెంచ్_టీచర్ జవాబు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. స్కాలర్ గారూ, మీరు చెప్పింది మా స్కాలర్లిద్దరితో కూర్చుని మాట్లాడాను, కిందటేడాది వాళ్లూ ఇలాగే ఇబ్బంది పడ్డారట, నాకు చెప్పలేదు. ఈసారి వాళ్లకి రెండు ప్రాక్టికల్ బ్యాచ్‌లు తగ్గించమని మా హెడ్‌ని అడిగాను, ఒప్పుకున్నారు.

పేపర్‌లో పేరు సంగతి ఎవరూ చెప్పలేదు. దాని మీద మీరంతా ఏమనుకుంటున్నారు?

అగార్_ప్లేట్ జవాబు:

మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ వాళ్ల షరతులు నాలుగున్నాయి. పని ఆలోచనలో గానీ డేటాలో గానీ చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, రాయడంలో లేదా దిద్దడంలో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని చూసి ఒప్పుకోవాలి, ఎవరైనా ప్రశ్నిస్తే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే రచయిత. బఫర్ కలిపిన వాళ్లకి కృతజ్ఞతల్లో పేరు పెడతాం.

కానీ దీన్ని విద్యార్థుల్ని బయటే ఆపే తలుపులా వాడకండి. డేటా తెచ్చిన విద్యార్థికి రాసే అవకాశమే ఇవ్వకుండా, నువ్వు రాయలేదు కాబట్టి పేరు లేదు అనడం అన్యాయం. ఆ కమిటీ కూడా ఇదే అంటుంది. డ్రాఫ్ట్ వాళ్లకి ఇవ్వండి, పద్ధతుల భాగం వాళ్ల చేతే రాయించండి, ఇంగ్లిష్ ఎలా ఉన్నా సరే, మనం కలిసి దిద్దుకుందాం. ఈ మాట మొదటి వారంలోనే అందరి ముందూ మాట్లాడుకోవాలి, పేపర్ పంపే ముందు రాత్రి కాదు.

మూడో_సంవత్సరం జవాబు:

పేపర్ రాకపోయినా పర్లేదండీ, ఎందుకు రాలేదో మాకు చెప్పండి చాలు.

బెంచ్_టీచర్ జవాబు, ఐదు వారాల తర్వాత:

ఎలా జరుగుతోందో చెబుతానని అనుకున్నాను, కొంచెం ఆలస్యమైంది.

నలుగురితోనే మొదలుపెట్టాం. పిపెట్లు తూచడంలోనే ఒక విషయం బయటపడింది. మా పాత పిపెట్ ఒకటి 1 మి.లీ.కి పెట్టినా ఎవరు వేసినా 0.96 గ్రాముల దగ్గరే వస్తోంది, పదికి పదిసార్లు. ప్రెసిషన్ బాగుంది, ఆక్యురసీ లేదు. అది ఎన్నాళ్ల నుంచి అలా ఉందో, దాంతో ఎవరెవరు ఏ స్టాండర్డ్ (పోల్చడానికి వాడే, గాఢత తెలిసిన ద్రావణం) కలిపారో తలుచుకుంటే గుండె జారింది. దాన్ని సర్వీసుకి పంపాం. మిగతా పిపెట్లన్నిటికీ పిల్లలు తేదీ, సగటు రాసిన చీటీలు అంటించారు, నెలకోసారి మళ్లీ తూస్తామని వాళ్లే నిర్ణయించుకున్నారు.

ఇప్పుడు ఇద్దరు సగం మాత్రల మీద, ఇద్దరు ఆస్పిరిన్ మీద ఉన్నారు. డెసికేటర్‌లో తేమ మొదటి వారం 68 దగ్గరే ఆగింది, మూతకి గ్రీజు సరిగ్గా రాయలేదని కనిపెట్టి మళ్లీ బిగించారు, ఇప్పుడు 74, 75 మధ్య ఉంటోంది. ఆ మొదటి వారం శాంపిళ్లు పారేయాలా ఉంచాలా అని అరగంట వాదించుకున్నారు. చివరికి ఉంచి, పక్కన 68 అని రాశారు. మూత తీసిన సీసా నుంచి నిన్న తీసిన మాత్ర పొడికి ఫెర్రిక్ క్లోరైడ్ వేయగానే ట్యూబ్ అంతా ఊదాగా మారింది, స్ట్రిప్‌లోనిది దాదాపు మారలేదు. నలుగురూ ఆ రెండు ట్యూబులనీ కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు.

గ్రాఫ్ దిద్దిన అమ్మాయి ఆస్పిరిన్ జట్టులోనే ఉంది. శాలిసిలిక్ ఆమ్లం స్టాండర్డ్ గ్రాఫ్ తనే తీసింది. నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ చూశాను. "మూడో పాయింట్ పైకి వచ్చింది. క్యూవెట్ తుడిచి మళ్లీ చదివాను, మళ్లీ పైకే వచ్చింది. డైల్యూషన్ కొత్తగా చేశాను, ఈసారి గీత దగ్గరికి వచ్చింది. పాత రీడింగ్ కొట్టేయలేదు, పైన ఉంది" అని రాసి, కింద సంతకం, టైం వేసింది.

స్కాలర్ గారూ, ఆ కాలమ్ పాడైన అబ్బాయి ఇంకా మీ కాలేజీలోనే ఉంటే ఒకసారి పిలిచి మాట్లాడండి. హెచ్‌పీఎల్‌సీ ఆపే పద్ధతి మీరు చెప్పినట్టే మిషన్ పక్కన అంటించాం, మొదటి లైను "ముందు నీళ్లు".

చివరి_ఏడాది_స్కాలర్ జవాబు:

ఉన్నాడు మేడమ్, ఇప్పుడు చివరి సంవత్సరం. రేపు పిలుస్తాను.